అట్టపెట్టెలో ఆరేళ్ల శుక్రవారాలు

ఛీ, ఆ కాగితం అవతల పడెయ్ బాబాయ్! "నా నిర్లక్ష్యం వల్ల" అని రాయమన్నాడా? ఆ ముక్క కూడా ఆయనే అందించాడా? సొంత తమ్ముడి చేత తప్పొప్పుకోలు రాయించుకుని, పని మానేసి పొమ్మనే పెద్దమనిషిని మా పెదనాన్నలోనే చూశాను.

అలా సొరుగు ఖాళీ చెయ్యకు.

అసలు ఏడాది కిందటే ఉత్తరం వచ్చిందా లేదా? మన సర్వర్‌లో నడిచే సాఫ్ట్‌వేర్‌కి ఫలానా తేదీ తర్వాత మరమ్మతులుండవు, ఎక్కడ కన్నం పడినా పూడ్చేవాళ్ళుండరు, ఈలోగా కొత్తదానికి మారండి అని. నేనే ప్రింటు తీసి పెదనాన్న బల్ల మీద పెట్టాను. ఏం చేశాడు? దాని మీద టీ గ్లాసు పెట్టుకున్నాడు! "నడుస్తోంది కదే, నడిచేదాన్ని ఎందుకు కెలుకుతావు?" అట. పదకొండు నెలలు అదే పాట.

మనుషులకి కాళ్ళు చేసిపెట్టే కార్ఖానా ఇది! పదిహేనేళ్ళ కొలతలున్నాయి ఆ సర్వర్‌లో. ఎవరికి మోకాలి కింద ఎంత మిగిలింది, ఎవరికి ఎక్కడ ఒరుసుకుంటోంది, ఎవరి మడమ ఎంత ఎత్తు... అన్నీ.

ఇక ఆఖరి వారంలో మేలుకున్నాడు మహానుభావుడు. మేలుకోవడమంటే అలా ఇలా కాదు. పాత సర్వర్ ఇచ్చేస్తే కొత్తదాని ధరలో తగ్గిస్తామని ఎవరో అన్నారట, మర్నాడే వ్యానెక్కించేశాడు. "లోపలున్నదంతా చెరిపేసుకోండయ్యా, మా బ్యాకప్‌లు మాకున్నాయి" అని పైగా జంబం. కొత్తదాని అట్టలైనా విప్పకముందే! వాళ్ళూ అంత పనీ చేశారు. ఫోన్ చేసి అడిగాను. ఏమీ మిగల్లేదట.

బ్యాకప్‌లు! తలుచుకుంటేనే అసహ్యమేస్తోంది. నెలాఖరు శుక్రవారానికొకటి చొప్పున డెబ్భై రెండు పెన్‌డ్రైవులు. ఒక్కోదానికి దారం కట్టి, అట్టముక్క మీద నీ గుండ్రటి అక్షరాలతో తేదీ వేసి, ఈ పెట్టెలో పేర్చుకున్నావు. ఆరేళ్ళలో ఒక్క శుక్రవారం తప్పలేదు. జ్వరంతో వణుకుతూ కూడా వచ్చావు ఓసారి, కదూ?

కొత్త సర్వర్ బిగించడానికొచ్చినతను మొదటిది తెరిచాడు. రెండోది తెరిచాడు. పదోది. దేన్లో చూసినా ఆ నీలం బొమ్మే! నొక్కితే పాత సర్వర్‌లోకి తీసుకెళ్ళే బొమ్మ, అంతే. కొలతలు కావు, కొలతలున్న గదికి దారి చూపించే బోర్డు. గదేమో వ్యానెక్కి పోయింది. నవ్వాడు చూడు వాడు, పెదవి కొరుక్కుని మరీ నవ్వాడు.

పొద్దున ఆ టైలరమ్మ రాలేదూ, మనం చేసిచ్చిన కాలు బీటవారిందని? ఇదివరకైతే పాత కొలతలు తీసి వారంలో చేసిచ్చేవాళ్ళం. ఇప్పుడు మళ్ళీ అచ్చు కోసం ప్లాస్టర్, మళ్ళీ సరిచూడటాలు, మళ్ళీ ఆ పుళ్ళు. కుర్చీ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి, "నా కొలతలన్నీ మీ దగ్గర భద్రంగా ఉన్నాయన్నారే!" అంది. పెదనాన్న ఏం చేశాడు? "అంతా వీడి నిర్వాకమమ్మా" అని నీ వైపు వేలు చూపించాడు. ఆవిడ ముందే! మిగతావాళ్ళంతా చెప్పుల వంక చూసుకున్నారు. నాన్న కూడా.

సరే, నువ్వెందుకు చెప్పలేదు?

తర్వాత మీటింగులో "నీకు ఈ పని నేర్పిందెవర్రా?" అని మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ "నేనే నేర్చుకున్నానన్నయ్యా" అన్నావు. నువ్వు! మౌస్ పట్టుకుంటే చెమటలు పట్టే మనిషివి!

అలా చూడకు. నీకు గుర్తుంది. నాకూ గుర్తుంది.

అప్పుడు నాకు పంతొమ్మిది. నాలుగు వీడియోలు చూసి, కంప్యూటర్ అంటే నేనే అని విర్రవీగుతున్న రోజులు. "ఇంతే బాబాయ్, ఈ నీలం బొమ్మని లాగి ఇక్కడ వదిలెయ్, కొలతలన్నీ వచ్చేస్తాయి" అన్నాను. నీ చేతి మీద చెయ్యేసి మరీ లాగించాను. "ఇంత తొందరగా అయిపోయిందేంటే?" అన్నావు నువ్వు. నీకే అనుమానం వచ్చింది, చూడు! నేనేమన్నాను? "మన కంప్యూటర్ అంత ఫాస్టు!"

ఆ తర్వాతైనా తెలియలేదా అంటావా? రెండేళ్ళకే అనుమానమొచ్చింది. తెరిచి చూస్తే తప్పు నాదని తేలిపోతుందని తెరవలేదు. మొన్న, మారేముందు చెయ్యాల్సిన పనులని పెద్ద పట్టీ రాశానే, అందులో "బ్యాకప్ తెరిచి చూశారా?" అన్న గడి నేనే గీశాను, టిక్కూ నేనే పెట్టాను. ఒక్కటంటే ఒక్కటి తెరవకుండా.

ఆగు, వద్దు. నా తల నిమరకు. ఇది కూడా విను.

మీటింగులో నీ నోటి వంకే చూస్తూ కూర్చున్నాను బాబాయ్, నా పేరు చెప్తావేమోనని. చెప్తే ఏమనాలో కూడా సిద్ధం చేసుకున్నాను. "బాబాయ్‌కి ఈమధ్య మతి నిలవడం లేదు పెదనాన్నా" అని. నాలుక చివరిదాకా వచ్చేసింది.

నువ్వు చెప్పలేదు కాబట్టి మింగేశాను. అంతే.