బలరాం జీపు

1966, దసరా వెళ్ళిన వారం. భిలాయిలో ఖుర్సీపార్. ఉక్కు మిల్లు ఫిట్టరు అప్పలసూరి ఇంటి ముందు, రేకుల నీడలో పాత జీపు. పోయినేడు డ్రైవరుగా దాన్ని నడుపుతూ చనిపోయిన బలరాం అతని బావమరిది. ఈ సాయంత్రం వచ్చింది బలరాం భార్య సింహాచలమ్మ. ఎవరొచ్చినా ముందు పీట వేసే అప్పలసూరికి ఈ పూట ఆ ధ్యాసే లేదు.

"ఆ మాటొదిలీ అన్నియ్యా. రేపు నాను రాను."

"అలగనకు సింహాచలం. రేపు ఆడి సంవత్సరీకం. నువ్వు వొండకపోతే ఎవరొండుతారు?"

"నీ పెళ్ళాం సూర్యావతి వొండుతాది. ఆడి తోడబుట్టింది కదా. సారా మానీసినానని పైడితల్లమ్మ మీద ఒట్టేసి, మళ్ళీ తాగి, రాళ్ళు తవ్వే ఖదాన్ గోతిలో పడి సచ్చినోడికి నా సేత్తో ముద్ద పెట్టను."

"తాగినాడని ఎవరు సూసినారు?"

"అందరూ అన్నారు. నిప్పు లేందే పొగొస్తాదేటి? నానొచ్చింది దీని కోసం. రేపు బండి తీస్తావట కదా."

"తీద్దామని... మంచి రోజని..."

"నా మొగుడు సచ్చిన రోజు మంచి రోజా?"

"కాదు, కాదు. అలగ కాదు."

"కబాడీ కొట్లో పాత ఇనుములో పడున్నదాన్ని తెచ్చినావు. టైర్లు నాలుగూ నాలుగు రకాలు. సీటుకి గోనిసంచి. రంగేటంటే, మిల్లులో గర్డర్లకి పూసే ఎర్ర రంగు. ఎనిమిది నెల్లుగా ఏ ఆదివారం సూసినా దీని కిందే ఉంటన్నావు."

"ఇప్పుడు ముందు చక్రాలు కూడా లాగతన్నాయి. రిసాలి రోడ్డు బురదలో దించినా..."

"నానడిగింది అది కాదు. ఎందుకు తెచ్చినావు?"

"చవగ్గా వొచ్చింది."

"చవగ్గా."

"మరే."

"అన్నియ్యా, పొద్దుగూకితే ఈ బండి నా గుమ్మంలో ఆగతంది. హారను వినబడతంది. తలుపు తీస్తే ఎవరూ ఉండరు."

"దీనికి బ్యాటరీయే లేదమ్మా. రేపు ఎవర్నో అడిగి తెస్తాను. హారను ఎలగ మోగుతాది?"

"లేదని తెలుసు. అందుకే బయమేస్తంది. నీకేటీ వినబడదా?"

"ఏటి వినబడతాది..."

"నా మొకం సూసి చెప్పు."

"వినబడతాది."

"హారనేనా?"

"కాదు. బ్రేకు పెడలు. దడ, దడ, దడ. తొక్కుతానే ఉంటాడు. రేపు ఆ గోతి కాడికి తీసుకెళ్ళి బండి ఆపుదామనుకున్నాను. అక్కడ ఒక్కసారి ఆగితే, ఆ తొక్కుడు ఆగుతాదేమోనని."

"తాగినోడు బ్రేకెందుకు తొక్కుతాడు?"

"తాగినోడు తొక్కడు. తొక్కినా బ్రేకు పట్టకపోతేనే అలగ మళ్ళీ మళ్ళీ తొక్కుతారు."

"ఏటంటన్నావు?"

"కూకో."

"కూకోను. చెప్పు."

"ఆడు తాగి పడ్డాడంటే నాను నమ్మలేదు. బండిలో ఏటి తేడా ఉందో సూద్దామనే కొన్నాను. ఇంజను ఇప్పినాను, బాగుంది. స్టీరింగు బాగుంది. ఆఖరికి శ్రావణంలో బ్రేకులిప్పినాను."

"శ్రావణంలోనా? రెండు నెల్లయింది."

"అయింది."

"రెండు నెల్లు ఏటి దాచినావు?"

"లోపల రబ్బర్లు. నానబెట్టిన సెనగల్లాగ ఉబ్బిపోనాయి. బ్రేకులో పొయ్యాల్సిన నూనె వేరట. మిల్లులో మిషన్లకి పోసేది పోస్తే రబ్బరు పాడైపోతాది, బ్రేకు పట్టదు. ఆ ముక్క నాకు తెల్దు. ఏడేళ్ళు మిల్లు నూనెలో మునిగినోణ్ణి, ఏ మిషనుకైనా అదే అనుకున్నాను."

"నువ్వు పోసినావా?"

"ఆడు పడ్డ ముందురోజు. ఆదివారం. బ్రేకు నూనె తగ్గిపోయింది బావా, కొనివ్వమంటే బండి ఓనర్లు రేపు మాపు అంటన్నారు, అన్నాడు. క్యారేజీ గిన్నెలో తెచ్చి నా దగ్గరుంచుకున్న మిల్లు నూనె, నా సేత్తోనే పోసినాను. ఆడు తాగలేదు సింహాచలం. ఆణ్ణి సంపింది నాను."

"ఆ ఆదివారం... ఆలీసంగా వొచ్చినాడు. ఎక్కడికెళ్ళినావంటే చెప్పలేదు."

"నానే చెప్పొద్దన్నాను. ప్లాంటు నూనె బయటికి తెచ్చినట్టు తెలిస్తే నా ఉద్యోగం పోతాదని, పెళ్ళానికైనా చెప్పనని ఒట్టేయించుకున్నాను."

"ఎన్నిసార్లడిగినాను. నవ్వి ఊరుకున్నాడు. తాగొచ్చినాడు, అందుకే నవ్వుతన్నాడనుకున్నాను."

"నన్ను తిట్టు. కొట్టు. రేపు అందర్లోనూ చెప్పీస్తాను, ఉద్యోగం పోతే పోనీ. నువ్వొచ్చి ఆడికి ముద్ద పెట్టు. అదొక్కటే..."

"అన్నియ్యా."

"చెప్పమ్మా."

"సోమారం పొద్దున్న ఆకలేస్తందే అన్నాడు. సారా కొట్టోడు పెడతాడు పో అని, మెతుకు పెట్టకుండా పంపించీసినాను."