సముద్రానికి మూడు పూటలా ఆకలి

హలో… ఆ, నేనే. అక్కనేరా. ఈ గోడౌన్‌లో ఫోను ఇంకెవరెత్తుతారు, యజమానురాలినీ గుమాస్తానీ రెండూ నేనేగా… చెప్పండి ప్రొఫెసరు గారూ.

…అబ్బో. నీ సభలో నాకు ముందు వరసలో కుర్చీ వేయించావా. ఇంకా ఎవరెవరొచ్చారు?… ఫ్యాక్టరీల వాళ్లంతా వచ్చారా. రారూ మరి. వాళ్లు వదిలే కార్బన్ డయాక్సైడ్‌ని సముద్రం అనుకున్నదానికి రెండింతలు మింగేస్తోందని నువ్వు మైకులో చెబుతానంటే, పూలగుత్తులు పట్టుకుని మరీ వస్తారు.

నేను రాలేను. పడవ ఇప్పుడే రేవుకొచ్చింది, సరుకు దింపిస్తున్నాను… నీకు ఫోను చేద్దామనుకుంటుంటే నువ్వే చేశావు. కూర్చున్నావా, నిలబడ్డావా?… అయితే కూర్చో.

నా పడవకి పెట్టిన ఆ యంత్రం ఏం చేస్తుందో ఇంకోసారి చెప్పు… ఆ. నీళ్లలో ఆ వాయువు ఎంతుందో ఒక గొట్టం చూస్తుంది, పైన గాలిలో ఎంతుందో ఇంకో గొట్టం చూస్తుంది. గాలిలో ఎక్కువుంటే సముద్రం మింగుతున్నట్టు… తెలిసిందిలే. తక్కెడే. ఒక పళ్లెంలో నీళ్లు, ఒక పళ్లెంలో గాలి.

మరి గాలి గొట్టం ఎక్కడ కట్టావు?… పడవ ముందువైపు. ఎత్తుగా. శుభ్రమైన గాలి తగిలేలా. బావుంది. ఇప్పుడది వంటగది పొగగొట్టం పక్కన ఉంది.

…

…ఎవరు మార్చారా?

తాడు విసిరినప్పుడల్లా అడ్డొస్తోందని మనవాళ్లే విప్పి వెనక కట్టారు. ముడి మాత్రం చాలా చక్కగా వేశారు… ఎప్పుడా? నువ్వు యంత్రం పెట్టి దిగిపోయిన మర్నాడేనట… అరవకు. అడ్డంగా ఉన్నవన్నీ తీసెయ్యమన్నది నేనే. సామాన్ల గురించి అన్నాను, సైన్సు గురించి కాదు.

నువ్వు పంపిన గీతల బొమ్మ ఇప్పుడే మళ్లీ చూశాను. పొద్దున ఒక గుట్ట, మధ్యాహ్నం ఒక గుట్ట, రాత్రి ఒక గుట్ట. సముద్రానికి మూడు పూటలా వేళకి ఆకలేస్తోందేమిటని నీకు అనుమానం రాలేదూ?… సగటు తీశావా. అదీ సంగతి. సగటు తీస్తే మా వంటవాడు కూడా సముద్రంలో కలిసిపోతాడు.

…ఏమిటీ?… ఎవరికీ తెలియదు కదా అంటావా. నిజమే, తెలియదు… ఇవాళ్టికి చదివేసి, తర్వాత దిద్దుకుంటావా. బేషుగ్గా ఉంది. నువ్వు దిద్దుకునేదాకా ఆ ఫ్యాక్టరీల వాళ్లు పొగ ఆపి కూర్చుంటారు కాబోలు.

…లేదురా, తిట్టడం లేదు. తక్కెడ తప్పని తెలిశాక ఆ పూట నేను కొట్టు తెరవను, అంతే. ఆపైన నీ ఇష్టం.

…పిలుస్తున్నారా? వెళ్లు.

హలో… తమ్ముడూ, ఫోను కట్ చెయ్యలేదురా నువ్వు. అలాగే జేబులో వేసుకున్నట్టున్నావు… ఏయ్, ఆ పెట్టెలు దించడం కాసేపు ఆపండి. వినబడనివ్వండి…

…

చెప్పేశాడు. గొట్టం సంగతీ, వంటగది సంగతీ. మళ్లీ కొలిచి తెస్తానంటున్నాడు.

…ఒక్కరూ చప్పట్లు కొట్టరేం.

ఉండరా. ఈ ఫోను బల్ల మీద పెడితే గానీ నా రెండు చేతులూ ఖాళీ కావు.