దాహం కొంచెమా, చాలానా?

డయాలసిస్ మిషన్ తిరుగుతోంది. మంచం మీద పెద్దాయన, పక్కన స్టూలు మీద ప్రశ్నల కాగితాలతో, పరిశోధనలో శిక్షణ పొందుతున్న అమ్మాయి.

"నీళ్లు కొలిచి తాగాలి కదా బాబాయ్‌గారూ, మరి దాహం ఎలా ఉంటోంది? కొంచెమా, చాలానా?"

"నువ్వొచ్చాక పెరిగిందమ్మా."

"నేనేం చేశానండీ?"

"ప్రశ్నకో గుక్క తాగుతూ నన్ను ఊరిస్తున్నావు."

"అయ్యయ్యో! మా సారుకి తెలిస్తే తోలు తీస్తారు. ఇదిగో, సీసా సంచిలో పడేశా. ప్రశ్నలన్నీ అయ్యేదాకా ముట్టను."

"చూద్దాం. కానీ మరి."

చివరి పేజీకి వచ్చేసరికి అమ్మాయికి నాలుక పిడచకట్టుకుపోయింది.

"ఏంటమ్మా, దాహమా? కొంచెమా, చాలానా?"

"చాలా బాబాయ్‌గారూ, చాలా!"

"నాకు రోజూ అంతే. అది రాసుకుని, గుమ్మం అవతలికెళ్లి తాగు."