పేరు లేని ఫ్రేము

ఉప్పెన వెళ్ళిన వారానికి దివిసీమ నుంచి ఒకావిడ సహాయం లారీ ఎక్కి బందరు వచ్చింది. మెలితిరిగిన సైకిలు ఫ్రేము ఒకటి తెచ్చి, సైకిలు షాపు ముసలి సాయిబు ముందు దించింది.

"పాలకాయతిప్ప దగ్గర బురదలో దొరికిందండీ. కంపెనీ పేరు లేదు. మా ఆయన బండీ మీరు చేసిందే, దానికీ పేరు లేదు. ఇలా వంగిపోయాక నేను పోల్చుకోలేకపోతున్నాను. ఇది మీ చేతి పనేనా?"

సాయిబు తడిగుడ్డతో అతుకులు తుడిచాడు. పై బారు దగ్గర అతని చెయ్యి ఆగిపోయింది.

"నా పనేనమ్మా."

"అయితే ఆయన... ఇక లేనట్టేనా?"

అతను స్పానరుతో బారు మీద కొట్టాడు. ఖంగుమంది.

"విన్నావా, బోలుగా ఉంది. చేపల గంపల బరువుకి ఆగాలని మీ ఆయన బండికి గొట్టంలో గొట్టం దూర్చాను. ఇది అతనిది కాదు."

ఆవిడకి ఊపిరి వచ్చింది.

"మరెవరిదండీ?"

"పై బారు కిందికి దించి అతికాను, చూడు. ఎడమ కాలు పొట్టి, ఎక్కలేడని. మా జిలానీది."

"అయ్యో! మీ అబ్బాయి అటెందుకు వచ్చాడండీ?"

"మాకు గుడివాడ వెళ్తున్నానని చెప్పాడు. మెల్లగా మాట్లాడమ్మా. లోపల వాళ్ళమ్మ వాడికి అన్నం తీసి ఉంచుతోంది."