చెవి విరిగిన జాడీ

అక్క వంటింట్లో చెల్లెలు రై అనే ధాన్యం పిండితో చేసే బన్నుల కోసం ఎండుపళ్ళు తరుగుతోంది. ఆ బన్నులు నేర్పిన తల్లి పోయి ఏడాది అయింది.

“అబ్బ, అంత లావు ముక్కలా? అంజీరు సన్నగా తరగవే. లేకపోతే బన్ను పగిలిపోతుంది.”

“సరే. అక్కా...”

“నానిన ద్రాక్ష వడగట్టావా?”

“వడగట్టాను. అక్కా, పిండి పులియబెట్టడానికి నీ తోడుపిండి కొంచెం ఇస్తావా? ఒక్క గరిటెడు చాలు.”

“నా పిండెందుకు? నీ జాడీలో లేదూ?”

“ఉంటే అడుగుతానా?”

“లేకపోవడమేమిటి? ఏం చేశావ్?”

“చలికి అసలు పొంగలేదు. వెచ్చగా ఉంటుందని జాడీని ఓవెన్‌లో పెట్టాను. పొద్దున్న... లోపలుందని మర్చిపోయి ఓవెన్ వెలిగించాను.”

“కాల్చేశావా! అమ్మ పిండిని కాల్చేశావా!”

“మెల్లగా అక్కా, బావగారు వింటారు.”

“విననీ! మనం పుట్టకముందు నుంచి అమ్మ రోజూ ఇంత పిండి, ఇన్ని నీళ్ళు పోసి సాకింది. నువ్వు ఏడాది నిలపలేకపోయావు. భక్తి ఉంటేగా!”

“భక్తి లేకేం? రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకుని, ఆ జాడీకీ పెట్టుకునేదాన్ని. మావారు ఒకటే నవ్వు. అమ్మ చెయ్యి పడిన పిండి కదా అని నేను...”

“దణ్ణాలకేం తక్కువ లేదు! ‘సగం చిన్నదానికివ్వు’ అంది అమ్మ, ఆసుపత్రి మంచం మీద. ఆ మాట నేను దాటానా? చెవి విరిగిన జాడీ అయినా నిండుగా తెచ్చి నీ చేతిలో పెట్టలేదూ?”

“పెట్టావు.”

“మరి? మళ్ళీ ఇస్తే మళ్ళీ మాడుస్తావు.”

“మళ్ళీ కాదక్కా. ఒక్కసారైనా ఇవ్వు.”

“ఏమిటే ఆ మాట?”

“నీకు చెప్పడానికి మొహం చెల్లలేదు. జాడీ గీకి కడుక్కుని, తోడుపిండి కోసం ముందు బేకరీకే వెళ్ళాను.”

“ఏ బేకరీకి?”

“మీ వీధి చివరిదానికే.”

“అక్కడికెందుకెళ్ళావు? నన్నడిగితే ఇవ్వనా? పిచ్చిదానా, ఏడవకు. ఇదిగో, ఇప్పుడే ఇస్తాను, ఆ గరిటె ఇలా...”

“బేకరీ ఆయన విరిగిన చెవి చూసి గుర్తుపట్టాడక్కా. ‘మీ అమ్మగారు చనిపోయిన వారంలో మీ అక్కగారు ఈ జాడీలోనే మా తోడుపిండి పట్టుకెళ్ళారు, మళ్ళీ కావాలా?’ అన్నాడు.”