బెల్లమ్మ పస్తు

కాదు మా, నువ్వే చెప్పు. నేను అంత అనరాని మాట ఏమన్నానని నాయన మొన్నటి నుంచి నా దిక్కు చూడకుండా తిరుగుతాండేది? అన్నం పెడితే తింటాడు. చెయ్యి కడుక్కుంటాడు. మెట్లు దిగి అంగట్లోకి పోతాడు. ఈ ఇంట్లో నేనొక స్తంభం!

అందుకే నిన్ను గోడ మీద నుంచి దించి ఈడ మిద్దె మీద నా పక్కన కూర్చోబెట్టుకున్నా. ఎండ తగుల్తాందా? ఉండు, చున్నీ అడ్డం పెడ్తా. ఫొటోలో ఎప్పుడూ ఒకటే నవ్వు నీది. ఈ పొద్దు ఆ నవ్వు కొంచెం ఆపి విను. బెల్లమ్మ గూడు కడుగుతా చెప్తా.

ఆఁ, పోయింది మా. నీ కుందేలు పోయింది.

గుర్తుండాదా, నంద్యాలకు కళ్ళద్దాలకని పోయి, అద్దాలు మర్చిపోయి, వైరు బుట్టలో కుందేలు పిల్లను పెట్టుకోని ఆళ్ళగడ్డలో బస్సు దిగినావు. నాయన ఎట్ల అరిచినాడు! "అంగట్లో ఉండే ఎలుకలు చాలవని పెద్ద ఎలుకను తెచ్చినావా మే?" అని. నువ్వేమో నిదానంగా, "బెల్లం రంగు ఉండాది చూడు, బెల్లం దిమ్మెల్లో కలిసిపోతాది, నీకు కనపడదులే" అంటివి. ఆ పొద్దే దానికి పేరు పడింది.

నువ్వు పోయినాక దాన్ని సాకింది ఎవరనుకుంటాండావు? నేనా? నేను నంద్యాల హాస్టల్లో, మైకులు పట్టుకోని ఊరేగుతాంటి. ఆ అరిచిన మనిషే మా. పొద్దున షట్టర్ ఎత్తకముందే కూరగాయల ఎలీషన్న దగ్గరికి పోయి కొత్తిమీర కాడలు, ముల్లంగి ఆకులు ఏరుకోని వచ్చేవాడు. "మీ బెల్లమ్మకా శెట్టీ?" అని ఎలీషన్న నవ్వితే, "మా ఇంట్లో ఇంకెవరుండారప్పా తినేకి?" అనేవాడంట. నాకు పోను చేసినా, మొదట బెల్లమ్మ ఏం తినిందో చెప్పి, తర్వాత నన్ను "తిన్నావా?" అని అడిగేవాడు.

ఎండాకాలం పోయినాక గూట్లో రక్తం కనపడింది. ఈడ ఉండే పశువుల డాక్టరు చేత్తో పొట్ట తడిమి, "ఎనుములు, మేకలైతే నేను చూస్తా శెట్టీ, దీన్ని నంద్యాలకు తీస్కపోండి" అన్నాడు. పాపం, ఉన్న మాట చెప్పినాడు.

నంద్యాల్లో హేమలత అనే డాక్టరమ్మ ఉండాది. కుక్కలు, పిల్లులు, చిలకలు, కుందేళ్ళు, అన్నీ చూస్తాది. స్కాన్ తీసి చెప్పింది: "గర్భసంచిలో గడ్డ. ముసలి ఆడ కుందేళ్ళకు వస్తానే ఉంటాది. గర్భసంచి తీసేస్తే ఇంకా కొన్నేళ్ళు బతుకుతాది."

గర్భసంచి! ఆ మాట ఇనంగానే నాయన మొఖం చూడాల మా. నీకు కర్నూల్లో చెప్పిన మాటే కదా అది. అక్షరం తేడా లేదు.

"మత్తిస్తారా?" అని అడిగినాడు.

"మత్తియ్యకుండా ఎట్ల కోస్తారు నాయనా?" అన్నా.

"అయితే వద్దు." బుట్ట ఎత్తుకోని బయటికి నడిచినాడు. "ఉండే దినాలు ఉంటాది. మత్తు మాత్రం వద్దు."

నేను ఊరుకుంటానా? ఊరుకుంటే నేను వినీతనే కాదు కదా! ఆ వారమంతా పోన్లో వాదించినా. గడ్డ ఊపిరితిత్తులకు పాకితే ఊపిరాడక చస్తాది, అది నువ్వు చూడగలవా అన్నా. నొప్పి చెప్పుకోలేని జీవానికి మన భయాన్ని శిక్షగా వేస్తే అది ప్రేమ ఎట్లయితాది అన్నా. "ఏం మే, స్టేజీ అనుకున్నావా? ఇది ఇల్లు" అన్నాడు. అప్పుడు అన్నా మా ఆ మాట: "అమ్మకు మత్తు ఎక్కువిచ్చి చంపినోళ్ళు చేతకానోళ్ళు. ఈమె అట్ల కాదు."

అవతల అంగట్లో ఎవరికో చిల్లర లెక్కబెట్టి ఇచ్చినాడు. ఆ తర్వాత "సరే, నీ ఇష్టం" అన్నాడు.

గెలిచినా అనుకున్నా! హాస్టల్ వరండాలో పిడికిలి గూడా బిగించినా మా, ఫైనల్లో గెలిచినట్ల.

నీకు చెప్పలే కదూ, పోయినేడు కాలేజీ పోటీలో నాకు మొదటి బహుమతి వచ్చింది నీ మీద మాట్లాడినందుకే. ఆసుపత్రుల నిర్లక్ష్యం అనేది విషయం. "మా అమ్మ తన కాళ్ళతో నడిచి ఆ గదిలోకి పోయింది, మత్తు ఇచ్చినోళ్ళు ఆమెను తిరిగి లేపలేకపోయినారు" అని మొదలుపెట్టినా. నాయన ముందు వరసలో తల వంచుకోని కూర్చున్నాడు. నా మాటలకు ఏడుస్తాండాడు అనుకున్నా. నా మాటలకే!

సరే, విను. ఆపరేషన్‌కు ముందు దినం డాక్టరమ్మ నాకు పోన్ చేసి గట్టిగా చెప్పింది. "కుందేలును పస్తు పెట్టొద్దు. మనుషులకు, కుక్కలకు అయితే మత్తులో వాంతయి ఊపిరితిత్తుల్లోకి పోతాదని భయం. కుందేలుకు వాంతే రాదు. దాని పేగు ఎప్పుడూ ఆడుతానే ఉండాల. ఆకలితో ఆగిందంటే తిరిగి కదిలించేది చానా కష్టం. మత్తిచ్చేదాకా గడ్డి తిననియ్యండి."

నేను ఉన్నదున్నట్లు నాయనకు చెప్పినా. "ఊఁ" అన్నాడు. అంతే. నాకేం తెలుసు ఆ ఊఁకి అర్థం?

పొద్దున్నే బస్సుకు వచ్చినాడు, అదే వైరు బుట్టలో బెల్లమ్మను పెట్టుకోని. నేను హాస్టల్ నుంచి నేరుగా పోయినా. డాక్టరమ్మ బుట్ట అందుకుంటా అడిగింది, "పొద్దున మేత తినిందా?"

నాయన నోరు తెరిచినాడు మా. ఏదో చెప్పబోయినాడు. కానీ నేనుండంగా ఇంకొకరు జవాబు చెప్పేదెట్ల? "బాగా తినింది డాక్టర్" అన్నా. నాయన నా దిక్కొకసారి చూసి నోరు మూసుకున్నాడు.

అద్దం తలుపులో నుంచి చూస్తాంటి. ముందు తొడకు సూది వేసినారు. గ్యాసు వాసన తగిల్తే కుందేలు ఊపిరి బిగపడతాదంట, అందుకని మొదట సూదితో నిద్రపుచ్చి, ఆ తర్వాతనే మూతికి చిన్న మాస్కు పెడతారంట. చెవిలో ఉండే సన్న నరానికి గొట్టం. కింద వేడినీళ్ళ సంచి. చిన్న జీవం కదా, నిద్రలో చల్లబడిపోతాది. డాక్టరమ్మ కోస్తాంటే, ఇంకొకామె దాని ఎద మీద చెయ్యి తీయకుండా ఊపిరి చూస్తానే ఉండాది. ఎంత జాగ్రత్త మా! నీకు ఇంత జాగ్రత్త ఎవరు చేసినారు, అని అప్పుడు గూడా పళ్ళు కొరుక్కుంటి.

నాయన కూర్చోలే. ఖాళీ బుట్టను ఎదకు కరుచుకోని నిలబడే ఉన్నాడు.

"లేచింది" అని డాక్టరమ్మ తలుపు తీసింది.

లేచింది! మత్తు నుంచి లేచింది మా! నాయన ఎదకు కరుచుకున్న బుట్టను కిందికి దించి, దాంట్లో తువ్వాలు పరిచినాడు. డాక్టరమ్మ కొత్తిమీర కాడ బెల్లమ్మ మూతి కాడ పెట్టింది. వాసన చూసి తల తిప్పుకునింది. "మత్తు పూర్తిగా దిగలేదు. పొద్దున బాగా తినింది కదా, భయం లేదు, సాయంత్రానికి అందుకుంటాది" అని పంపించింది. నేను చెప్పిన మాట నమ్మే కదా పంపించింది.

బస్సులో నాయన ఎట్లున్నాడో తెలుసా? నువ్వు పోయినాక ఆ మనిషి అట్ల మాట్లాడేది నేను చూడలే. ఒళ్ళో బుట్ట, బుట్టలో తువ్వాలు చుట్టిన బెల్లమ్మ. శిరివెళ్ళ దాటినాక మెల్లగా నా చెవి కాడికి వంగి, గొప్పగా చెప్పినాడు.

"ఈసారి ఏం పెట్టలే పాపా."

"ఏందీ?"

"నిన్న పొద్దుగూకకముందే గూట్లో గడ్డి పరకతో సహా ఏరేసినా. కాళ్ళకు అడ్డం అడ్డం వచ్చింది. చెయ్యి నాకింది. ఒక్క కాడ పెడితే ఏమవుతాదిలే అనిపించింది. పెట్టలే. మనసు రాయి చేసుకున్నా. నువ్వు పిల్లదానివి, నీకేం తెలుసు, ఆపరేషన్ అంటే కడుపు ఖాళీగా ఉండాల. ఈసారి పెట్టలే."

నాకు బెల్లమ్మ గురించి భయం మొదట తట్టాల కదా? తట్టలే మా. వేరే మాట పట్టుకునింది.

"ఈసారి అంటే? ఏసారి పెట్టినావు నాయనా?"

కిటికీ దిక్కు తిరిగినాడు. బయట పత్తి చేన్లు పోతాండాయి. నాకు కాదు, ఆ చేన్లకు చెప్పినట్ల చెప్పినాడు.

"కర్నూల్లో, ఆపరేషన్ పొద్దున మీ అమ్మ అడిగింది. కాఫీ లేక తల పగిలిపోతాందనె. సగం గ్లాసే. అంతే పోసినా. తర్వాత మత్తిచ్చేవాళ్ళు వచ్చి ఏమన్నా తాగిందా అని అడిగితే, లేదన్నా."

సగం గ్లాసు.

అడిగినావా మా? అడిగింటావు. కాఫీ పడకుంటే పొద్దున మంచం దిగేదానివే కాదు కదా. "కొంచెమే, వీళ్ళకేం తెలుస్తాదిలే" అనింటావు. ఆయప్ప నీ మాట ఎప్పుడు తీసేసినాడు? నువ్వు పోయినాక నాయన కాఫీ ముట్టలే. అంగట్లో పొడి అమ్ముతాడు, ఇంటికి చిటికెడు తేడు. నీ మీద ప్రేమతో మానేసినాడని నేను అందరికీ చెప్పుకోని తిరిగినా. ఒట్టి ప్రేమ అయింటే ఎంత బాగుండు!

నేను ఆ స్టేజీ ఎక్కి హంతకులు, హంతకులు అని అరుస్తాంటే ముందు వరసలో తల వంచుకున్న మనిషి... నువ్వు చూస్తాంటివా మా యాడన్నా నుంచి? నా నోరు మూయించకూడదా?

అప్పుడు బుట్టలో బెల్లమ్మ పళ్ళు నూరింది. నొప్పయితే కుందేళ్ళు పళ్ళు నూరతాయని డాక్టరమ్మ చెప్పిండె. ఆ శబ్దానికి నాకు తెలివొచ్చింది.

ఆళ్ళగడ్డలో దిగంగానే పక్కకు పోయి డాక్టరమ్మకు పోన్ చేసి ఉన్నది చెప్పినా. ఆమె "వెంటనే తీస్కరండి" అనింది. "ఇంకొక మాట డాక్టర్" అన్నా. "మా నాయన ముందర పస్తు అనే మాట ఎత్తొద్దండీ. కాళ్ళు పట్టుకుంటా." ఎందుకని అడగలే ఆమె. మంచిది.

నాయనకు "ఒక సూది మర్చిపోయినారంట" అని అబద్ధం చెప్పి, అదే బస్సు కాడికి తిప్పుకోని పోయినా. పేగు కదిలేకి సూదులు, నొప్పికి సూదులు. ఇంటికి తెచ్చుకోని గడ్డి పిండి కలిపి సిరంజితో బుగ్గలో కొంచెం కొంచెంగా పట్టించినాం. పొట్ట రుద్దినాం. నాయన అంగడి మూసేసి బెల్లమ్మ పక్కనే కూర్చున్నాడు, గుడ్డ మీద ఒక్క పెంటికన్నా పడుతుందేమోనని చూసుకుంటా. ఒక్కటీ పడలే మా. పొట్ట డప్పు మాదిరి ఉబ్బింది. కొత్తిమీర కాడ మూతి కాడ పెట్టి, "తిను తల్లీ, ఇప్పుడు తినొచ్చు, తిను" అని బతిమాలుతాంటే, ఆయప్ప చేతిలోనే తల వాల్చేసింది.

మొన్న కాల్వగట్టున పూడ్చిపెట్టి వచ్చినాం. వచ్చేటప్పుడు అన్నాడు.

"మత్తే. మళ్ళీ మత్తే. వద్దు వద్దంటే విన్నావా? నాలుక ఉండాదని నన్ను ఒప్పించినావు. మాటలతోనే చంపినావు మే దాన్ని."

నా నోట్లో జవాబు ఉండాది మా. ఒక్క వాక్యం. ఎదుటి పక్షం లేచి నిలబడలేనంత పెద్ద వాక్యం. మత్తు కాదు నాయనా, పస్తు. పెట్టినందుకు అమ్మ పోయింది, పెట్టనందుకు బెల్లమ్మ పోయింది. ఎట్ల చూసినా నీ చేతులే.

నాలుక చివరి దాకా వచ్చింది. ఆ మనిషి చేతులు చూసినా. గోర్లలో మన్ను, కొత్తిమీర వాసన. అంతే, మింగేసినా.

"అవును నాయనా. నాదే తప్పు" అన్నా.

తప్పు నాది బొత్తిగా లేదా? డాక్టరమ్మ అడిగినప్పుడు నేను నోరు మూసుకోనుంటే నాయన చెప్పేవాడే. అందుకని అది పూర్తి అబద్ధం గూడా కాదులే. నీ మీద గూడా నాకు కోపం ఉండాది, తెలుసా? సగం గ్లాసు కాఫీకి ఓర్చుకోలేకపోయినావా మా? నవ్వు, నవ్వు. నీకేం!

కాలేజీ వాళ్ళు వచ్చే నెల విజయవాడలో అదే ప్రసంగం చెయ్యమంటాండారు. గొంతు బాగలేదని చెప్పినా.

అనుకోనీ మా. కూతురే చంపిందని ఊరంతా చెప్పుకోనీ. నన్ను తిట్టుకుంటే అన్నం తింటాడు. తనను తాను తిట్టుకుంటే ముద్ద దిగదు. ఇంక ఈ ఇంట్లో ఎవర్నీ పస్తు పెట్టే ఓపిక లేదు నాకు.

గూడు ఆరింది. మెట్ల మీద ఆయప్ప చెప్పుల శబ్దం ఇనపడ్తాంది, అన్నానికి వస్తాండాడు. పద, గోడెక్కు. నువ్వు గూడా ఏం తెలియనట్లే ఉండు.