వీరయ్య హాల్లో సముద్రం

నెల్లికుదురు బస్టాండు ఎదురుగా నబీసాబ్ చాయ్ హోటల్లో ఆ పొద్దు అందరి నోటా ఒకటే మాట, వీరయ్య కొత్త ఇల్లు. హాల్లో నేల మీద త్రీడీ బొమ్మ పోయించాడట, చూస్తే అచ్చం నీలి సముద్రమట, అందులో చేపలట. పైన సీలింగులో మబ్బులట, మబ్బుల చాటున లైట్లట. ఆ ఇంటి గోడకు అవతలే కుమారస్వామి ఇల్లు. గృహప్రవేశానికి పిలిస్తే కడుపునొప్పని పోలేదు. చాయ్ చల్లారుతున్నా ముట్టకుండా అంతా విన్నాడు. ఇక ఉండబట్టలేదు.

"ఆపుండ్రి జర! మా నాయిన కాలంల గోడలకు పచ్చ ఆయిల్ పెయింట్ ఏస్తె ఊరంత నోరెళ్లబెట్టి చూసిండ్రు. ఇయ్యాల గది చూస్తె పాత దవాఖాన యాదికొస్తది. అటెన్క అద్దాల షోకేసులు, అండ్ల బొమ్మలు. యాడవాయె అవన్ని? గీ త్రీడీ నేల గూడ గంతే. పదేండ్లయితే చిన్నపిల్లలు గూడ నవ్వుతరు. నాకెట్ల ఎరుకంటరా? భూపాలపల్లిల బొగ్గు లారీ తోలినప్పుడే నేను గివన్ని పెట్టిచ్చి, ఇసుగొచ్చి ఇడిసిపెట్టిన."

"నువ్వా?" అన్నాడు ఆటో కొండల్.

"మరెవరు? ముందుగాల పెద్దగ ఏం చెయ్యలె. ఒక్క అర్రల సీలింగుకు మబ్బు రంగేసి ఒక చందమామ, నాలుగు లైట్లు పెట్టిచ్చిన, గంతే. అటెన్క ఏమైందో ఎరికేనా? వాడకట్టు తల్లులంత పిల్లల్ని సంకనేస్కొని మా ఇంటికే వచ్చుడు. బయట చందమామ ఉన్నా వద్దట, మా సీలింగుల చందమామను చూపిస్తెనే బువ్వ తింటరట! సరే అని హాల్ల సముద్రం పోపిచ్చిన. వీరయ్యదాంట్ల చేపలెన్ని? పదకొండు. నా తాన లెక్కే లేకుండె."

"నువ్వు పోయి చూడనేలేదు గద, పదకొండని ఎట్ల తెలుసు?" అన్నాడు కొండల్.

"ఎవరో అంటె విన్నలే! మా కల్యాణే మూడుమాట్ల పోయి చూసొచ్చింది. రాత్రి బువ్వ పెట్టుకుంట గూడ ఆళ్ల మబ్బులే, ఆళ్ల చేపలే. ఇరవై ఏండ్లాయె పెండ్లయి, నా ఇంటిని ఒక్కనాడన్న గట్ల మెచ్చుకోలె... సరే, ఏం చెప్తున్న? ఆఁ, సముద్రం. మొదలు పిల్లి వచ్చింది. గంట సేపు నేలను గీకి గీకి గోర్లు అరగదీసుకున్నది. మర్నాడు కొంగలు. తలుపు తీస్తె చాలు, హాల్ల ఒంటికాలి మీద నిలవడుడే. గోదారి ఒడ్డున చేపలు పట్టేటోళ్లకు గీ ముచ్చట తెల్సి, వలలు భుజానేస్కొని దిగిండ్రు. నేను వద్దనంగనే వల ఇసిరిండ్రు."

"పడ్డయా?" నబీసాబ్ గిన్నెలో గరిటె ఆపేశాడు.

"రెండు కిలోల బొచ్చె చేప! నా చేతుల్తోనే కోసిన. గంతల సీలింగు మబ్బు కురిసింది."

"పైన ట్యాంకు కారిందేమో అన్నా."

"ట్యాంకు కారితె ఉరుముతదా కొండలూ? ఉరిమింది, మెరిసింది, మూడు దినాలు ఆగలే. హాలంత నిండింది. కల్యాణిని పడవల ఎక్కిచ్చుకొని వంటింట్లకు నేనే తెడ్డేసిన. ఊర్లె చెరువెండితె మా ఇంట్లకెల్లి తూము తీసి రెండు కార్లు వరి పండిచ్చిండ్రు! గంత ఇల్లు, ఒకనాడు చూస్తె పాతగ అనిపించింది. మనసిరిగింది. నేనే గడ్డపార పట్టి పగులగొట్టిన. గందుకే చెప్తున్న, వీరయ్య గూడ ఒకనాడు పట్టుకుంటడు గడ్డపార. పట్టుకోవాలె!"

చివరి మాట కొంచెం గట్టిగానే వచ్చింది.

మూల బల్ల మీద పర్వేజ్ బన్ను ముంచుకుని తింటున్నాడు. వీరయ్య ఇంట్లో ఆ నేల పోసింది అతనే. మూతి తుడుచుకుని నెమ్మదిగా అడిగాడు.

"కుమారన్నా, నిన్న వీరయ్యన్న పొలానికి పోయినంక నువ్వు ఎనక తలుపుకెల్లి లోపటికి రాలే?"

"నేనా? ఎవర్ని చూసి ఎవరనుకున్నవో!"

"నిన్నే చూసిన. నేను మూలకు కూసోని అంచులు సాఫ్ చేస్తున్న. నువ్వు గడప తాన చెప్పులు చేతవట్టుకున్నవు. లుంగీ మోకాళ్ల మీదికెత్తినవు. ఒక్క కాలు మెల్లగ కిందికి పెట్టి లోతు చూసినవు."

హోటలంతా ఒక్కసారి గొల్లుమంది. కొండల్‌కు చాయ్ ముక్కులోకి పోయింది.

"పడవ తోలినోనివి, గంత లోతుకే భయపడ్డవా భాయ్?" అన్నాడు నబీసాబ్.

కుమారస్వామి మొహం కందగడ్డలా అయింది. చల్లారిన చాయ్ ఒక్క గుక్కలో తాగేశాడు. పోతాడనుకున్నారు, పోలేదు. నవ్వులు తగ్గేదాకా తల వంచుకుని కూర్చున్నాడు. తర్వాత మెల్లగా లేచి పర్వేజ్ పక్కన చేరి, ఎవరికీ వినబడకుండా అడిగాడు.

"పర్వేజ్, మా హాల్ల పోసేతందుకు వీరయ్య చేపల్ని మింగేటి పెద్ద చేపలు ఏమన్న ఉన్నయా నీ తాన?"